ఖాళీ ఆఫీసులు, కాపురపు ఇండ్లు

మన సంఘ పత్రికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని కార్యదర్శిగారు అడిగి మూడు నెలలు కావస్తున్నది. పద్యం వ్రాయలేను, కథ కట్టలేను. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ఆపి, రాబర్ట్‌సన్‌పేటలో ఒక లారీ ఆఫీసులో ఇరవై ఏళ్ళకు పైగా బిల్లులూ రసీదులూ వ్రాస్తున్న గుమాస్తాను. పగలంతా కన్నడంలో లెక్కలు వ్రాసి, సాయంత్రం ఇంటికి వచ్చి తెలుగులో మాట్లాడుకునే కుటుంబాలు మనవి. రెండు భాషలూ వచ్చు గాని, వ్యాసమంటే మాత్రం రెండూ మొరాయిస్తాయి. ఐనా ఈ మధ్య మా ఇంట్లో పుట్టిన ఒక చర్చ ఎంతకీ తెగడం లేదు. అది మా ఒక్క ఇంటి సంగతి కాదని తోచి, ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

సంగతి ఏమంటే, మేము ఇరవై ఏళ్ళకు పైగా కాపురం చేస్తున్నది ఇల్లు కాదు, ఆఫీసు. ఆండర్సన్‌పేటలో 1960ల నాటి కాంక్రీటు కట్టడం. ఒకప్పుడు గనులకు సామాను సరఫరా చేసే కంట్రాక్టరు ఒకరు దాన్ని కట్టించి, గుమాస్తాలనూ మేస్త్రీలనూ పెట్టుకుని వ్యాపారం నడిపినారట. ఇప్పుడు అందులో ఐదు కుటుంబాల వాళ్ళం ఉన్నాము. పాత యజమానిగారు పోయినారు. బెంగుళూరులో ఉన్న కొడుకులు వచ్చి చూసి, "ఇది ఇల్లుగా కట్టింది కాదు గదా, పడగొట్టి నాలుగంతస్తులు వేస్తాము" అన్నారు. వారి ఆస్తి, వారి ఇష్టం, కాదనడానికి మేమెవరం? ఐతే పెద్దాయన మంచివాడు. వెళ్ళబోతూ, "బాగుచేస్తే ఎంతవుతుందో ఒక అంచనా వ్రాసి చూపండి, ఆలోచిస్తాను" అని ఒక మాట వదలినాడు. ఆ మాటను పట్టుకుని మేము వేలాడుతున్నాము.

ఆ ఆఫీసుకు రాకముందు మేము ఛాంపియన్ రీఫ్ లైనులో ఉండేవాళ్ళం. లైను ఇండ్లంటే ఏమిటో మన పాత కుటుంబాలకు నేను చెప్పవలసిన పని లేదు. ఐనా బెంగుళూరులోనూ దేశాంతరాల్లోనూ పెరిగిన పిల్లల కోసం చెబుతాను. పదడుగుల గది ఒకటి, దాని ముందు తట్టి కట్టుకున్న వసారా. వంట, పడక, చదువు, పురుడు, అన్నీ ఆ గదిలోనే. నీళ్ళకు వీధి నల్లి. కక్కసు లైను చివర, అందరికీ కలిపి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వారు గనుల పనికి పూనుకున్న తరువాత చిత్తూరు, అనంతపురం వైపుల నుండి మన తెలుగువాళ్ళు, ఉత్తర ఆర్కాటు, సేలం వైపుల నుండి తమిళులు వేలుగా వచ్చినారు. మా ముత్తాత పలమనేరు దగ్గరి పల్లె నుండి నడచి వచ్చినాడని చెప్పుకుంటారు. వచ్చినవాళ్ళకు మొదట వెదురు తట్టీల గుడిసెలే. తరువాత రేకులు, ఆ తరువాత గోడలు. దొరల బంగళాలు మాత్రం మిట్టల మీద, చుట్టూ తోటలతో. శివసముద్రం నుండి తొంభై మైళ్ళకు పైగా తీగలు లాగి 1902లోనే ఈ గనులకు విద్యుత్తు తెచ్చినారు. బెంగుళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది 1905లో. గనికి దీపం ముందు వచ్చినది గాని గని కూలివాడి గదికి ఎన్నడు వచ్చినదో అమ్మను అడగాలి. ఆమె నవ్వి ఊరుకుంటుంది.

గనులు 1956లో మైసూరు ప్రభుత్వానికి, 1962లో కేంద్ర ప్రభుత్వానికి మారినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అనే పేరు వచ్చినది. మొత్తం మీద సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చి, 2001 ఫిబ్రవరి 28తో పని నిలిచిపోయినది. అప్పటికి నాకు ఇరవై దాటినవి. టైం ఆఫీసుకు తాళం, స్టోర్సుకు తాళం, వర్కుషాపుకు తాళం. పనికోసం వెతుక్కుంటూ ఆ దారినే పోయేదాన్ని. కిటికీ అద్దాల్లోంచి చూస్తే లోపల బల్లలు, గోడకు కేలండరు, మూలను కుండ. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు, గాలి, వెలుతురు, అన్నీ తాళం లోపల. ఇటు మా లైనులో ఒక్క గదిలో ఐదుగురం. అన్నకు పెండ్లి కుదిరినప్పుడు, కొత్తకోడలిని ఎక్కడ పడుకోబెట్టాలన్నదే మా ఇంటి పెద్ద సమస్య. నవ్వులాటకు చెప్పడం లేదు. ఆ సమస్య మీద ఎన్ని పెండ్లిండ్లు వాయిదా పడ్డాయో లైనువాళ్ళకు తెలుసు.

2003లో నాన్నకు తెలిసిన వారొకరు, ఆండర్సన్‌పేటలో కంట్రాక్టరుగారి ఆఫీసు ఖాళీ అయినదనీ, గదులు చేసి బాడుగకు ఇస్తున్నారనీ చెప్పినారు. అలా వచ్చినాము.

ఆ కట్టడం తీరు కాస్త వివరంగా చెప్పవలె, లేకుంటే తక్కిన కథ బోధపడదు. వీధి వైపు వెడల్పు ముప్పై అడుగులు, లోతు అరవై. రెండు పక్కలా ఇరుగుపొరుగు గోడలు ఆనుకుని ఉన్నవి. అందుచేత కిటికీలు ముందూ వెనకా మాత్రమే. ముందు ముప్పై అడుగుల మీద మేడ, అందులో వరండా, నాలుగు గదులు. వెనక ముప్పై అడుగులూ ఒక్క అంతస్తే, పైన బయలు. క్రింద అంతా ఒకే హాలు. వీధి పక్కన కూలి డబ్బులు పంచే కౌంటరు, ఇనుప ఊచల కిటికీ. దాని పక్కన డబ్బు పెట్టె ఉంచే గది, అడుగున్నర గోడలు, ఒక్క సందు లేదు.

యజమానిగారు మేస్త్రీని పిలిచి క్రింది హాలును నాలుగు వాటాలు చేయించినారు. ముందు ఒకటి, వెనక ఒకటి, నడుమ రెండు. కాగితం మీద చూస్తే భేషుగ్గా ఉన్నది. ముందు వాటా మాది. మాకు వీధి వెలుతురు వచ్చినది. నడుమ వాటాల వాళ్ళకు పగలు పన్నెండింటికి కూడా దీపం వేయనిది బియ్యంలో రాళ్ళు కనబడేవి కావు. తడిబట్టలు రెండు రోజులకు గాని ఆరవు. చిన్నపిల్లకు దగ్గు పట్టుకుంటే విడవదు. మొదటి ఏడాదిలో ఆ రెండు వాటాల్లో మూడు కుటుంబాలు మారినవి. వచ్చినవాళ్ళెవరూ గట్టిగా కారణం చెప్పలేదు. "ఏదో ఊపిరాడదమ్మా" అని మాత్రం అనేవారు.

వెలుతురనేది కిటికీ నుండి లోపలికి ఇరవై అడుగులు పోతే గొప్ప. ఆఫీసుల్లో పగలంతా దీపాలు వేసుకుని కూర్చుంటారు, సాయంత్రం ఇంటికి పోతారు కాబట్టి ఎంత లోతైన హాలైనా చెల్లుతుంది. ఇంట్లో ముసలివాళ్ళు పగలంతా ఉంటారు, పసిబిడ్డలు ఉంటారు. మన దేశపు కట్టడాల నియమావళిలో, గది నేల వైశాల్యంలో వాతావరణాన్ని బట్టి ఆరో వంతు నుండి పన్నెండో వంతు దాకా కిటికీలూ గాలిసందులూ ఉండాలని వ్రాసి ఉన్నది. ఒక్క గదే ఉన్న ఇంట్లో ఆ గది 9.5 చదరపు మీటర్లకు తగ్గరాదట. అంటే సుమారు నూటరెండు చదరపు అడుగులు. మా పాత లైను గది ఆ లెక్కకు ఇంచుమించు సరిపోయినదని మా అల్లుడు చెబితే అమ్మ, "ఆ లెక్క వ్రాసినాయన ఎంతమంది పిల్లల్ని కన్నాడో" అన్నది.

అల్లుడంటే అన్న కొడుకు. సివిల్ డిప్లొమా చదివి బెంగుళూరులో ఒకచోట ప్లాన్లు గీస్తాడు. తెల్లవారుజామున మారికుప్పం బండి ఎక్కి రాత్రికి తిరిగి వస్తాడు. గనులు మూసిన తరువాత మన ఊరి యువకులు వేలాదిగా ఆ బండి మీదనే బ్రతుకుతున్నారు. బెంగుళూరు ఆఫీసులకు కావలి కాసేవారు, తుడిచేవారు, కంప్యూటర్ల ముందు కూర్చునేవారు, అందరూ ఆ బండిలోనే. యజమాని కొడుకులు వచ్చిపోయిన రాత్రి, వాడు ఫోనులో ఒక బొమ్మ చూపించి, "అత్తా, ఇది చూడు. న్యూయార్కులో మన ఇంటి కథే" అన్నాడు.

వాటర్ వీధిలో 25వ నంబరు భవనం అది. 1960ల చివర ఆఫీసులకని కట్టినారు, 22 అంతస్తులు. గోడ నిండా ఇటుక, కోటగోడలో తుపాకీ సందుల్లాగా సన్నని కిటికీలు. బ్యాంకుల కంప్యూటర్లకూ కాగితాలకూ వెలుతురెందుకు అనుకున్నారో ఏమో. కరోనా తరువాత జనం ఇండ్లలోనే కూర్చుని పనిచేయడం మొదలుపెట్టినారు, అటువంటి పాత ఆఫీసులు లోకమంతటా ఖాళీ పడినవి. దీన్ని కొన్నవారు పడగొట్టలేదు. పైనుండి క్రిందిదాకా నడుమ రెండు చోట్ల బావుల్లాగా కోసి వెలుతురు దించినారు. సన్నని కిటికీల గోడ తీసి పెద్ద కిటికీలు పెట్టినారు. కోసి పారేసిన నేలకు బదులుగా నెత్తిన మరి పది అంతస్తులు వేసినారు. 1,300కు పైగా ఇండ్లు అయినవి. వాటిలో నాలుగో వంతు తక్కువ బాడుగకు ఇవ్వాలని పన్ను రాయితీతో పాటు షరతు ఉన్నది. 2025లో జనం కాపురాలకు వచ్చినారు.

నేను బొమ్మ చూసి ఆశ్చర్యపోలేదు. ఎందుచేతనంటే, ఆ వైద్యం మా ఇంటికి పదహారేళ్ళ క్రిందటే జరిగినది. నడుమ వాటాలు ఖాళీగా పడి ఉంటే బాడుగ నష్టమని యజమానిగారు బాధపడుతుండగా, ముళబాగిలు వైపు నుండి వచ్చిన ఒక ముసలి మేస్త్రీ కట్టడమంతా చూసి, "ఇది తొట్టి ఇల్లు కావలసింది సామీ, తొట్టి మరచిపోయినారు" అన్నాడు. మన జిల్లా పల్లెల్లో పాత పెద్ద ఇండ్లకు నడుమ బయలు తొట్టి ఉండేది గదా. వాన అందులోకే, ఎండ అందులోకే. మేడ లేని వెనక భాగంలో, నాలుగు దూలాల నడుమ ఉన్న కప్పు పలకను ఒక్కదాన్ని, పదడుగుల చదరంగా, పూర్తిగా తీసేస్తే చాలన్నాడు. దూలాన్ని ముట్టరాదు, స్తంభాన్ని ముట్టరాదు, పక్క పలకల క్రింద ముందే కొయ్యలు నిలబెట్టవలె. యజమానిగారు మంచిపని ఏమి చేసినారంటే, మేస్త్రీ మాట మీదనే పోక, కోలారు నుండి ఒక ఇంజనీరును రప్పించి అడిగినారు. పక్క పలకల్లో కమ్మీ చూసి, ఒక దూలాన్ని బలపరచమని ఆయన చెప్పినారు. పదకొండు రోజుల పని. నడుమ రెండు చీకటి వాటాలు పోయి, తొట్టి చుట్టూ ఒక్క వాటా అయినది. బాడుగ రెండు నుండి ఒకటికి తగ్గినా, వచ్చిన కుటుంబం ఈనాటికీ కదలలేదు. వాళ్ళ అమ్మాయి ఆ తొట్టి పక్కనే చదివి నర్సు అయినది.

తొట్టి అయితే బాగుపడింది గాని నీళ్ళ సంగతి మాత్రం చాలా ఏడిపించినది. ఆఫీసుకు వెనక ఒక కక్కసు, ఒక తొట్టి నీళ్ళు చాలు. ఐదు కుటుంబాలకు ఐదు స్నానాల గదులు కావలె. మరుగుగుంట ఇంటి వెనక. నాలుగంగుళాల గొట్టం సరిగా పారాలంటే నలభై అడుగులకు అడుగు చొప్పున వాలు ఉండాలి. మా వాటా వీధి పక్కన, గుంటకు అరవై అడుగుల దూరం, అంటే అడుగున్నర వాలు. మొదట పని చేసినాయన ఆ లెక్క వేయలేదు. నేల మట్టంగానే గొట్టం పరచినాడు. వాన పడితే మా స్నానాల గదిలోకి వెనకింటి నీళ్ళు తిరిగి వచ్చేవి. రెండు వానకాలాలు ఆ కంపు భరించినాము. చివరకు మా స్నానాల గది నేలను అడుగున్నర ఎత్తు లేపినారు. ఇప్పుడు మేము స్నానానికి రెండు మెట్లెక్కి పోతాము, తిరుపతి కొండ ఎక్కినట్టు! చుట్టాలు నవ్వుతారు, నవ్వనీ.

కరెంటు మీటరు మరొక పీడ. పాత ఆఫీసు మీటరు ఒక్కటే, వాణిజ్య ధర. ఇంటి ధర కంటే ఎక్కువ. నెల నెలా బిల్లును ఐదు వాటాలకు పంచే పని గుమాస్తాను గదా అని నా నెత్తిన పడ్డది. ఎవరింట్లో ఇస్త్రీ ఎంతసేపు పెట్టినారని లెక్కలు చూసి ఎంతమందికి శత్రువునైనానో! ఖాతా కాగితాల్లో ఆఫీసు అని ఉన్నంత కాలం విడి మీటర్లు ఇవ్వమన్నారు. యజమానిగారు ఎన్నిసార్లు తిరిగినారో, ఖాతాలో మార్పు వచ్చేసరికి ఆరేళ్ళు పట్టినది. పాత ఆఫీసును ఇల్లు చేయదలచినవారు గోడ ముట్టకముందు ఆ కాగితం సంగతి చూసుకోవాలి.

డబ్బు పెట్టె గది మాత్రం బంగారమే. అందులో అమ్మ బియ్యమూ ఊరగాయ జాడీలూ పెట్టుకుంటుంది. ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. మా ఆవకాయకు ఉన్నంత బందోబస్తు ఏ జమీందారు ఇంటి నగలకూ ఉండదు.

ఇంగ్లండులో ఈ పని పెద్ద ఎత్తున జరిగినది, తొందరగానూ జరిగినది. 2013లో అక్కడి ప్రభుత్వం, ఆఫీసును ఇండ్లుగా మార్చడానికి పూర్తి ప్లాను అనుమతి అక్కరలేదన్నది. ఇండ్ల కరువు తీరుతుందని వారి ఆశ. ఖాళీ ఆఫీసులు వేలకొద్దీ వాటాలైనవి గాని, గది ఎంత ఉండాలన్న కట్టుబాటు లేకపోవడం వల్ల కొందరు మరీ ఇరుకు గదులు చేసినారు. కొన్నింటికి కిటికీలే లేవు. మా నడుమ వాటాల వంటివే అనుకోండి. ఊరవతల పారిశ్రామిక వాడల్లో, పిల్లలకు ఆడుకునే చోటు లేని భవనాల్లో కుటుంబాలను దించినారని పత్రికలు గోల పెట్టినవి. 2020లో ప్రతి ముఖ్యమైన గదికీ తగిన వెలుతురు ఉండాలనీ, 2021లో ఒక మనిషి ఇల్లైనా 37 చదరపు మీటర్లకు, అంటే సుమారు 400 చదరపు అడుగులకు, తగ్గరాదనీ నియమం పెట్టవలసి వచ్చినది. ఏడేళ్ళ తరువాత కిటికీ గుర్తుకు వచ్చినదన్నమాట.

మన వైపు వాడుక దీనికి తలక్రిందులు. మనం ఇండ్లనే ఆఫీసులు చేసినాము. హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ 1949లో మహిళా కళాశాల అయినది. నిజాము కుమారుడు నివసించిన బెల్లా విస్టాలో 1950ల నుండి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉన్నది. చిన్న ఊళ్ళలో చూడండి, ముందు గదిలో వకీలు ఆఫీసు, వెనక గదిలో పోపు వాసన. ఇల్లు ఆఫీసైతే ఎవరూ వింత పడరు. ఆఫీసు ఇల్లవుతుందంటేనే, "అది కట్టింది దానికోసం కాదే" అంటారు.

నిజానికి మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చిన తరువాతి రెండు మూడు దశాబ్దాల్లో కట్టిన మామూలు ఆఫీసులు ఇండ్లు కావడానికి, ఈనాటి అద్దాల మేడల కంటే ఎంతో అనుకూలమైనవి. ఆనాడు చల్లగాలి యంత్రాలు లేవు. ఎత్తు కప్పు, పొడుగాటి వరండా, ఎదురెదురు కిటికీలు, కిటికీ మీద సజ్జ. ఒక వరుస గదులు, ముందు నడవ. చూస్తే సత్రం వలె ఉంటుంది. అటువంటి దాన్ని ఇండ్లు చేయడానికి గోడలు పెద్దగా కొట్టనక్కరలేదు. బెంగుళూరు అద్దాల మేడలో కిటికీ తెరుచుకోదు, యంత్రం ఆగితే ఊపిరి ఆగుతుంది. రేపు అవి ఖాళీ అయితే ఏమి చేస్తారో నాకు తెలియదు.

బరువు సంగతి అల్లుడు విడమరచి చెప్పినాడు. మన ప్రమాణాల ప్రకారం ఇంటి నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక బరువు మోయాలని లెక్క కడతారు. ఆఫీసు నేలకు 250 నుండి 400. కాగితం బరువు అటువంటిది! ఫైళ్ళు మోసిన నేల మంచాలూ బీరువాలూ మోయలేదా? ఐతే ఇక్కడ ఒక మోసం ఉన్నది. వాటాలు చేయడానికి లేపే ఇటుక గోడ, నాలుగున్నర అంగుళాల మందం, పదడుగుల ఎత్తు అయితే, అడుగు పొడవుకే సుమారు 200 కిలోలు తూగుతుంది. వెయ్యి లీటర్ల నీళ్ళతొట్టి అంటే టన్ను. అవి దూలం మీద కాక పలక నడుమ కూర్చుంటే పగులు వస్తుంది. మా మేడ మీద ఒక గది నేలలో వచ్చిన పగులు అలాంటిదే. కొడుకులు దాన్ని చూసే "పాతబడిపోయింది" అన్నారు. అది వయస్సు వల్ల వచ్చినది కాదనీ, పైన తొట్టి పెట్టిన చోటు తప్పనీ అల్లుడి వాదం. వాడి మాటే చాలదు గనుక, కాంక్రీటు గట్టిదనం చూసే పరికరంతో ఇంజనీరును తీసుకురావాలని నిశ్చయించినాము. కప్పులో కమ్మీ తుప్పు పట్టి ఉంటే మాత్రం మా వాదం అక్కడితో సరి. ఊరికే పాత ఇల్లని ప్రేమతో పిల్లల నెత్తిన కప్పు నిలబెట్టలేము. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉన్నది, వాటిని కోస్తే లేచే ధూళి ఊపిరితిత్తులకు విషం. మన గని కుటుంబాలకు ధూళి జబ్బు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

ఇక అంచనా. మేస్త్రీల చేతి లెక్కలో కొత్త కాంక్రీటు ఇంటికి చదరపు అడుగుకు ఇంచుమించు 0.4 మూట సిమెంటు పడుతుంది. మా కట్టడం మొత్తం 2,700 చదరపు అడుగులు. అదే కొలతకు కొత్తది కడితే 1,080 మూటలు, అంటే 54 టన్నులు. నాలుగంతస్తులు వేస్తే ఎన్ని రెట్లో మీరే కట్టుకోండి. టన్ను సిమెంటు తయారీలో అర టన్నుకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుందట. లోకమంతటా మనుషులు వదిలే ఆ వాయువులో ఏడెనిమిది వంతులు నూటికి సిమెంటు వల్లనే. కమ్మీ వేరే, ఇటుక వేరే. మాలూరు ఇటుకలకు మట్టి ఎక్కడిది? మన చెరువులదే. ఇసుక పాలారు వాగుల్లో మిగలలేదు, చెరువు మట్టిని కడిగి ఫిల్టరు ఇసుక తీస్తున్నారని ఎన్నాళ్ళుగానో వింటున్నాము. కొత్త కాంక్రీటును తక్కువలో తక్కువ ఏడు రోజులు తడపవలె. వెయ్యి అడుగులు బోరు వేసినా తడి తగలని జిల్లా మనది. 2018 నుండి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి గొట్టాల్లో తెచ్చి కోలారు చెరువులు నింపుతున్నారు. అటువంటి చోట, నిలబడి ఉన్న గోడను పడగొట్టి మళ్ళీ గోడ కట్టడం నా గుమాస్తా బుద్ధికి దండుగ ఖర్చుగా కనబడుతుంది. మా బాగుచేత అంచనాలో 140 మూటలు వచ్చినవి. స్తంభాల అడుగు, మేడ మీద వాననీటి వాలు, గొట్టాలన్నీ మార్చడం, వెనక వాటా కిటికీలు పెంచడం, అన్నీ కలిపి.

యజమానుల పక్షం కూడా చెప్పాలి. నాలుగంతస్తులు వేస్తే వారికి వచ్చే బాడుగ మూడు రెట్లు. మేము ఇచ్చేది చాలా తక్కువ, అది నాకు తెలుసు. అందుకే అంచనాతోపాటు, బాగుచేసిన తరువాత ఎవరెవరు ఎంత పెంచి ఇవ్వగలరో అడిగి ఆ పట్టీ కూడా జతచేసినాను. తొట్టి వాటావారు అందరికంటే ఎక్కువ వ్రాయించినారు.

ఈ లెక్కలు వ్రాస్తున్నప్పుడల్లా ఛాంపియన్ రీఫ్ దారిలో తాళాలు వేసిన ఆఫీసు గదులు మనసులో మెదులుతవి. గని భూములు సుమారు 12 వేల ఎకరాలు. అందులో ఆఫీసులు, బంగళాలు, స్టోర్సులు. కప్పులు కూలినవి కొన్ని, తలుపులూ కిటికీలూ ఎవరో ఊడబీకుకుపోయినవి కొన్ని. లైను ఇండ్లలో ఉన్నవాళ్ళు మా ఇల్లు మాకు వ్రాసి ఇమ్మని ఏళ్ళతరబడి అడుగుతూనే ఉన్నారు. ఆ ఆఫీసులన్నీ ఇండ్లు చేసేయమని నేను అనను. క్రింద తవ్విన డొల్ల ఎక్కడ ఉన్నదో ముందు చూడాలి. గని నడిచిన రోజుల్లో లోపల బండలు పేలితే పైన ఇండ్లు ఊగేవి, గిన్నెలు పడేవి. ఆ పగుళ్ళు కొన్ని గోడల్లో ఇప్పటికీ ఉన్నవి. సైనైడు దిబ్బల పక్కన ఉన్న కట్టడాలైతే మట్టి పరీక్ష కానిదే కాపురానికి పనికిరావు. గాలికాలంలో ఆ తెల్లధూళి కంచంలోకి వస్తుంది. ఐతే దిబ్బలకు దూరంగా, గట్టి నేల మీద, వరండా చెదరని వరుసలు కొన్ని ఉన్నవి. బేతమంగళ నీళ్ళ గొట్టం ఒకప్పుడు వాటి గుమ్మం దాకా వచ్చినదే. ఒక్క వరుసనైనా కొలిచి, పరీక్షించి, పది కుటుంబాలకు ఇచ్చి చూడవచ్చును గదా అని నాకు తోస్తుంది. కొలవడానికి డబ్బు ఖర్చు కాదు. మన సంఘంలో ఇంజనీర్లు ఉన్నారు, పదవీ విరమణ చేసిన ఓవర్సీయర్లు ఉన్నారు. ఒక ఆదివారం టేపు పట్టుకుని వస్తామంటే, వ్రాసుకోవడానికి పుస్తకమూ కలమూ తీసుకుని నేను వస్తాను. అనుమతి తీసుకోవలసిన చోట అర్జీ కూడా వ్రాసి పెడతాను, కన్నడంలోనే.

మా ఇంటికి ఇంజనీరు వచ్చే ఆదివారం వస్తానన్నాడు. పెద్ద కొడుకూ ఆ రోజే వస్తానని ఫోను చేసినాడు. అమ్మ మాత్రం ఇవేవీ పట్టనట్టు, కూలి డబ్బులు పంచిన ఆ ఊచల కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చుంటుంది. సాయంత్రమైతే పక్కింటివాళ్ళు అక్కడికి వచ్చి కరివేపాకు అడుగుతారు, మజ్జిగ అడుగుతారు. ఆమె ఊచల సందుల్లోంచి అందిస్తుంది. నిన్న అల్లుడు ఆ కిటికీ వెడల్పు పెంచాలని కొలత తీయబోతే, "దాని జోలికి పోవద్దురా, మీ తాత ఇక్కడే వరుసలో నిలబడి డబ్బులు తీసుకున్నాడు" అన్నది. వాడు కాగితం మీద ఆ కిటికీ దగ్గర గీసిన గీత కొట్టివేసి, వెనక గోడ కొలవడానికి పోయినాడు.